కథ యాడ మొదలైతాది? కథా నిర్మాణ సిద్ధాంతాలు, కరువు సీమ, మన చరిత్ర

సినిమా చూసొచ్చిన పిల్లోణ్ణి కథ చెప్పమంటే "ఒక ఊరుంటాది, ఆ ఊర్లో ఒక మంచి రెడ్డి ఉంటాడు" అని మొదలుపెడతాడు. ఆ ఊరి భూమంతా ఆ రెడ్డి చేతికి ఎట్లొచ్చింది, ఊరి అవతల ఉన్నోళ్ళు అవతలే ఎందుకున్నారు అని ఎవరూ అడగరు. అవన్నీ కథ మొదలు కాకముందే అయిపోయిన సంగతులు. ఒకచోట కథను మొదలుపెట్టడమంటే, దానికి ముందు జరిగినదాన్ని ప్రశ్న లేని సంగతిగా పక్కకు నెట్టడమే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. కథలు ఎట్ల ముగిసినాయనే దాని మీద మనం చాలా వాదించుకున్నాం. కానీ కులం దాక్కునేది ముగింపులో కంటే మొదట్లోనే ఎక్కువ.

దీనికి అనంతపురం పీఠభూమిని ఆధారం చేసుకుంటున్నాను. నేను ఇక్కడివాణ్ణి కావడం ఒక్కటే కారణం కాదు. తెలుగు సినిమాకు కథ నడపడం నేర్పినవాళ్ళలో ముఖ్యుడు కె.వి.రెడ్డి 1912లో పుట్టింది తాడిపత్రిలో. తెలుగు తెరను కొన్నేళ్ళు ఏలిన ఫ్యాక్షన్ కథలకు రంగస్థలం ఈ సీమే. కరువు అనగానే పత్రికలవాళ్ళు, టీవీవాళ్ళు పరిగెత్తుకొచ్చేదీ ఈ సీమకే. అంటే కథ కట్టేవాడూ, కథలో చూపించే నేలా, వార్తగా మారే బతుకూ మూడూ ఇక్కడ కలుస్తాయి.

సిద్ధాంతాలు ఏం చెప్పినాయి?

కథకు మొదలు, నడుమ, తుద ఉండాలన్నాడు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. ఆయన దృష్టిలో మొదలంటే, తన ముందు మరొకటి తప్పనిసరిగా ఉండనవసరం లేనిది. రెండు వేల ఏళ్ళకు పైగా ఈ మాటను కళాసూత్రంగా చదువుకుంటూ వచ్చినారు. దళితుడు చదివితే ఇది వేరుగా వినపడుతుంది. "దీనికి ముందు ఏముందో అడగొద్దు" అన్నట్టుగా వినపడుతుంది.

మన దేశంలో భరతుడి నాట్యశాస్త్రం ఐదు సంధులు చెప్పింది: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం. ముఖసంధిలో బీజం పడుతుంది, నిర్వహణంలో ఫలం నాయకుడికి దక్కుతుంది. మాటలన్నీ సేద్యం మాటలే. విత్తనం ఉంది, పంట ఉంది. చేను ఎవరిది, దున్నిందెవరు అన్న ప్రశ్న మాత్రం లేదు. నాటకానికి నాయకుడు పేరున్న రాజవంశంవాడై ఉండాలని శాస్త్రం ముందే తేల్చేసింది.

1928లో లెనిన్‌గ్రాడ్‌లో వ్లదిమీర్ ప్రోప్ అనే పండితుడు రష్యన్ జానపద అద్భుత కథలను తీసుకుని, అఫనాస్యెవ్ సేకరించిన వాటిలో నూరు కథలను విడదీసి చూశాడు. పాత్రల పేర్లు మారినా అవి చేసే పనులు మారవని కనిపెట్టాడు. అట్లాంటి పనులు 31 అన్నాడు. వాటిని చేసేవాళ్ళు ఏడు రకాలు: నాయకుడు, ప్రతినాయకుడు, శక్తినిచ్చే దాత, సహాయకుడు, రాకుమారి (తండ్రితో కలిపి), నాయకుణ్ణి పనిమీద పంపేవాడు, దొంగ నాయకుడు. ఏదో ఒక అపకారమో కొరతో వచ్చిపడితే కథ కదులుతుంది. అది తీరితే పెండ్లి, సింహాసనం.

1949లో అమెరికాలో జోసెఫ్ క్యాంప్‌బెల్ ప్రపంచ పురాణాలన్నింటినీ ఒకే నాయకుడి ప్రయాణంగా చూపించాడు. ఇల్లు విడిచి పోవడం, పరీక్షలు దాటడం, వరంతో తిరిగి రావడం. దీన్ని హాలీవుడ్ సూత్రంగా మార్చుకుంది. 1960ల చివర పారిస్‌లో త్వెతాన్ తొదొరోవ్ ఇంకా సులువు చేసి చెప్పాడు: మొదట సమస్థితి ఉంటుంది, అది చెదురుతుంది, చివర మళ్ళీ ఒక సమస్థితి వస్తుంది. చివరిది మొదటిదాని మాదిరే ఉండొచ్చు, పూర్తిగా అదే కాదు.

ఈ సిద్ధాంతాలను కొట్టిపారేయాలని నేననడం లేదు. ప్రోప్ చేతిలోకి తీసుకున్నవి రైతుజనం నోట బతికిన కథలు. ఎముకల గూడు చూస్తే కదా దేహం ఎట్ల నిలబడిందో తెలిసేది. అయితే వీళ్ళందరూ ఒక చోట కలుస్తారు. మొదట అంతా సవ్యంగా ఉండింది, ఆ తర్వాత చెడింది. పుట్టుకతోనే ఊరి అవతల ఉన్నవాడికి ఆ "సవ్యంగా ఉన్న" రోజు ఏది? మనకు సమస్థితే అపకారం. మన బతుకులో చెదిరిపోవాల్సింది అదే.

తాడిపత్రి మనిషి కట్టిన కథ

ప్రోప్ చెప్పినదాన్ని చూపించడానికి తెలుగులో 'పాతాళ భైరవి' (1951) కంటే మంచి ఉదాహరణ దొరకదు. దర్శకత్వం కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు సమానమైన సంపద తెమ్మంటాడు. ఇదే కొరత. రాజు పంపేవాడు. నేపాళ మాంత్రికుడు దారి చూపే దాతలాగా వస్తాడు, లోపల ప్రతినాయకుడు. పాతాళ భైరవి అసలు దాత. అంజి సహాయకుడు. చివర ప్రతినాయకుడు చస్తాడు, పెండ్లి జరుగుతుంది. ప్రోప్ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చిందే 1958లో. అంటే ఎవరూ ఎవర్నీ చూసి రాయలేదు. కాశీమజిలీ కథలు, అల్లావుద్దీన్ కథ విన్న చెవులకు ఆ నిర్మాణం సహజంగానే అబ్బింది.

ఇందులో మనకు నచ్చే సంగతి ఒకటుంది. నాయకుడు రాజు కాదు, తోటపని చేసే తల్లి కొడుకు. నేల టికెట్ జనం రాముణ్ణి తమవాడనుకోవడానికి కారణం అదే. అయితే కథ అడిగిన ప్రశ్న ఏది? "తోటమాలి కొడుకు రాజుకు ఎట్ల సమానమైతాడు?" అనేదే. "తోటమాలి ఎందుకు తక్కువ?" అనేది కథకు ముందే అయిపోయిన సంగతి. కాబట్టి ఒక్క రాముడు పైకెక్కినాడు, మెట్లు మాత్రం అట్లనే ఉండిపోయినాయి.

దీనికి పదమూడేళ్ళ ముందే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' (1938) తీశాడు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. తెలుగు తెర మీద అంటరానితనాన్ని నేరుగా ముట్టుకున్న సినిమా అది. గుడి ప్రవేశం, బ్రాహ్మణ యువకుడూ మాల యువతీ ప్రేమించుకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. దాని గౌరవం దానికియ్యాల్సిందే. కానీ గుడి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది? మంటల్లో చిక్కుకున్న శాస్త్రి భార్యను ఒక దళితుడు కాపాడిన తర్వాత. ప్రోప్ లెక్కలో ఇది సహాయకుడి పని. హక్కు హక్కుగా రాలేదు, చేసిన మేలుకు బహుమానంగా వచ్చింది. ప్రాణాలు కాపాడకపోతే గుడి లేనట్టేనా? కథ ఈ ప్రశ్న అడగదు. ఎందుకంటే అది మొదలైంది శాస్త్రి మనసు దగ్గర, మారాల్సిందీ ఆ మనసే. మాలపల్లె ఆ మార్పుకు కారణమైంది గానీ కథకు కర్త కాలేదు.

కొడవళ్ళ కథలు

ఇప్పుడు సీమ కథలకొద్దాం. 'ప్రేమించుకుందాం రా' (1997)తో ఫ్యాక్షన్ నేపథ్యం జనాలకు నచ్చింది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఆది', 'ఇంద్ర' (2002) దాన్ని ఒక మూసగా స్థిరపరిచినాయి. ఈ మూసలో గమనించాల్సినవి మూడు.

ఒకటి, పేర్లు. సమరసింహారెడ్డి, నరసింహనాయుడు, ఇంద్రసేనారెడ్డి, ఆదికేశవరెడ్డి. కులం పేరు నాయకుడి పేరులోనే ఉంది. అది ఎవరికీ కులతత్వంగా కనపడలేదు. మన పిల్లోడు తన కులం పేరు పేరు చివర పెట్టుకుంటే మాత్రం కుల రాజకీయం అంటారు.

రెండు, ఇంటర్వెల్. మొదటి సగంలో హీరో దూరపు ఊర్లో మారుపేరుతోనో అణకువతోనో ఉంటాడు. కాశీలో టాక్సీ నడుపుతాడు, లేదంటే పిల్లలకు డాన్సు నేర్పుతాడు. కూలిపని, చిన్నపని అతనికి ఒక వేషం. సగం దగ్గర వేషం జారి దొర బయటపడతాడు. జనం ఈలలేసేది అప్పుడే. టాక్సీ నడిపి బతికే మనిషికి వేషం కింద ఏ దొరా ఉండడు. అదే అతని బతుకు. అతని బతుకును మారువేషంగా వాడుకున్న కథకు, అతనే నేల టికెట్ కొని చప్పట్లు కొడతాడు.

మూడు, ఫ్లాష్‌బ్యాక్. నా వాదనకు ఇదే ముఖ్యం. కథ వెనక్కి పోతుంది, కానీ ఒక చోట ఆగిపోతుంది. హీరో తండ్రి బతికున్న మంచి రోజుల దగ్గర ఆగుతుంది. తొదొరోవ్ చెప్పిన సమస్థితి అదే: పెద్దాయన న్యాయం చెప్పే ఊరు. ఇంకో మెట్టు వెనక్కి పోతే 1565లో విజయనగరం కూలినాక బలపడిన పాళెగాళ్ళు కనపడతారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు దత్తం చేయడం, కలెక్టర్ మన్రో 1807 దాకా పాళెగాళ్ళను అణిచి, రైతువారీ శిస్తు కట్టడం కనపడతాయి. పట్టా ఎవరి పేర రాసినారు, ఎవరి పేర రాయలేదు అనేది కనపడుతుంది. అంతదూరం పోతే 'మంచి పెద్దాయన' అనే మాట నిలవదు. అందుకే ఫ్లాష్‌బ్యాక్ అంతదూరం పోదు.

మరి ఆ కథల్లో మనం ఎక్కడున్నాం? అనుచరుల్లో ఉన్నాం. నమ్మకస్తుడు అనేది ప్రోప్ చెప్పిన సహాయకుడికి సీమ పేరు. వాడు చచ్చిపోతే హీరోకు కోపమొస్తుంది, కథ ముందుకు పోతుంది. వాడి చావు హీరో కథలో ఒక మలుపు, వాడి పెండ్లాం బతుకు మాత్రం ఎవరి కథా కాదు. 'ఆది'లో భూమి పంపకం ఉంది, అయితే అది హీరో కుటుంబం చేసే దానం. 'మాలపిల్ల'లో గుడి, ఇక్కడ భూమి. రెండూ ఇచ్చేవాడి మంచితనానికి రుజువులే. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' నరుక్కున్న మరుసటి రోజు ఆడవాళ్ళ గతేమిటని అడిగింది. మంచి ప్రశ్నే. కానీ ఆ ఆడవాళ్ళు కూడా పెద్దింటి ఆడవాళ్ళే.

కరువుకు మొదలు ఎక్కడ?

సినిమా కట్టుకథ కదా, వార్త నిజం కదా అనొచ్చు. వార్తకూ నిర్మాణం ఉంటుంది. అనంతపురం కరువు వార్త ఎన్ని ఏండ్లు చదివినా ఒకే తీరు. వాన రాలేదు, వేరుశనగ ఎండింది, రైతు అప్పులపాలైనాడు, నాయకులు వచ్చి చూసినారు, సాయం ప్రకటించినారు. పగుళ్ళిచ్చిన నేల, నెత్తిన చెయ్యి పెట్టుకుని మబ్బుకేసి చూసే ముసలాయన బొమ్మ. ప్రోప్ మాటల్లో, కొరత వాన, దాత సర్కారు, నాయకుడు పట్టా ఉన్న రైతు.

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వాన తక్కువన్నది నిజమే. రైతుల చావులూ నిజమే. ఆ దుఃఖాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. నేననేది ఏందంటే, కథ వాన దగ్గర మొదలుపెడితే చెరువు కింది భూమి ఎవరిది, బోరు వేసే తాహతు ఎవరికుంది అనే ప్రశ్నలు కథకు ముందువైపోతాయి. పంట పోయినోడికి నష్టపరిహారం చాలాకాలం పాసుపుస్తకం చూసే ఇచ్చినారు. ఆ చేలో కాయలు వలిచి పొట్ట పోసుకునే కూలికి పంటతోపాటు పనీ పోయింది. ఆమె పేరు రాయడానికి ఆ పట్టికలో గడే లేదు.

ఇది కొత్త సంగతి కాదు. 1876-78 మధ్య మద్రాసు రాజధానిని తినేసిన కరువులో మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. ఆ కరువును 'వానలు పోయినాయి' అనే రాసిపెట్టినారు. కానీ జనం చస్తుండగానే ధాన్యం ఓడలెక్కి పోయింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని కూలి కోసినాడు. అంటే కరువు ఆకాశంలోనే కాదు, కాగితం మీద కూడా పుట్టింది. హూపర్ అనే సైనికాధికారి అప్పుడు బక్కచిక్కిన జనాన్ని వరుసగా కూచోబెట్టి ఫోటోలు తీశాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు, పేర్లు మాత్రం లేవు. ఈనాటి కరువు బొమ్మకు తాత ఆ బొమ్మే.

మొదలు మారితే కథ ఎట్ల మారుతుందో కూడా ఈ జిల్లాలోనే చూడొచ్చు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినారు. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ కథ మొదలు వాన నుంచి పని దగ్గరికి జరిగింది. కూలి మొదటిసారి కరువు కథలో సాయం పొందేదిగా కాక, పని అడిగే హక్కున్న మనిషిగా కనిపించింది.

నెత్తుటి కథల్లో మొదలు

ఈ చర్చ కళకూ వార్తకూ పరిమితం కాదని చెప్పడానికి కొంచెంసేపు సీమ దాటి కోస్తాకు పోవాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. చాలామంది చెప్పే కథ చెరువు గట్టు దగ్గర, మంచినీళ్ళు పాడు చేయొద్దని మున్నంగి సువార్త ఎదురు తిరిగిన చోట మొదలవుతుంది. అక్కడ మొదలుపెడితే అది 'గొడవ', 'ఘర్షణ'. ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటన్నట్టు. దళిత మహాసభ దాన్ని అక్కడ మొదలుపెట్టలేదు. భూమి, నీళ్ళు, అధికారం ఎవరి చేతిలో ఉన్నాయో అక్కడ మొదలుపెట్టింది. అప్పుడే అది ఘర్షణ కాదు, హత్యాకాండ అని లోకానికి తెలిసింది.

చుండూరు కథ సినిమా హాల్లోనే మొదలైందంటారు. 1991 జూలైలో హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. కాలు తగలడం మొదలా? పక్కపక్క వరుసల్లో సమానంగా టికెట్ కొని కూర్చోగలిగిన దళితుడు, చదువుకున్నవాడు, రైల్వే ఉద్యోగం చేసేవాడు తయారుకావడమే అసలు మొదలు. చెదిరిన సమస్థితి అది. దాన్ని 'పునరుద్ధరించడానికే' గొడ్డళ్ళు లేచినాయి. తొదొరోవ్ సూత్రాన్ని హంతకులు అక్షరాలా పాటించినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. న్యాయస్థానం కూడా కథ ఎక్కడ మొదలైంది, ఎప్పుడు మొదలైంది, మొదట చెప్పిందెవరు అనే అడుగుతుంది. అందువల్ల కథా నిర్మాణం మనకు సాహిత్య విద్యార్థుల ముచ్చట కాదు.

భూమి పుట్టకముందు

మా జేజి చదువుకోలేదు. కథ చెప్పేటప్పుడు ఒకే తీరుగా ఎత్తుకునేది: "భూమి పుట్టకముందే ఆర్నెల్లకు ముందు జాంబవుడు పుట్టినాడు నాయనా." చిన్నప్పుడు నవ్వొచ్చేది. భూమి లేకుంటే యాడ నిలబడినాడు జేజీ అనేవాణ్ణి. పరిశోధనకు వచ్చినాక ఆ మాటలో ఎంత ఆలోచన ఉందో అర్థమైంది. ఊరు, వాడ, రాజు, గుడి ఏవీ లేని చోటికి ఆమె కథను తీసుకుపోయింది. అక్కడి నుంచి చూస్తే ఊరే తర్వాత వచ్చింది, అంటు తర్వాత వచ్చింది. తర్వాత వచ్చింది పోనూ వచ్చు. డక్కలివాళ్ళు పటం పట్టి చెప్పే జాంబపురాణం ఈ మొదలును తరతరాలుగా కాపాడింది.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే పేరును తోసేసి 'ఆది ఆంధ్ర' అని పెట్టుకోవడం కూడా ఇదే పని. పంచములంటే నాలుగు వర్ణాల తర్వాత లెక్కకొచ్చేవాళ్ళు. ఆది అంటే మొదలు. ఒక్క పేరు మార్పుతో మనవాళ్ళు కథను వేరేచోట మొదలుపెట్టినారు. ఏ సిద్ధాంతగ్రంథమూ చదవకుండానే.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. ఆది అనే గర్వం దగ్గరే ఆగిపోతే అది ఇంకో రకం ఫ్లాష్‌బ్యాక్ అవుతుంది. జాంబవ కథల్లోనే కామధేనువు చావు, దాంతో వచ్చిన పతనం ఉన్నాయి. మన తక్కువతనానికి మన తప్పే కారణమని నమ్మించే ముక్క మన పురాణంలోకి కూడా చొరబడింది. మన కథల్లోనూ ఆడది ఎంతమటుకు కర్త అని మన ఆడవాళ్ళు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు దారి ఇయ్యాల్సిందే.

తెర మీద కూడా మొదలు మారుతోంది. నాగరాజ్ మంజులే మరాఠీ 'ఫాండ్రీ' (2013)లో పందులు పట్టే కుటుంబం పిల్లవాడు చివర్లో రాయి విసురుతాడు, అది కెమెరా మీదికి, అంటే మన మీదికి వస్తుంది. సమస్థితి తిరిగిరాదు. రావద్దనే ఆ రాయి. తెలుగులో కరుణకుమార్ 'పలాస 1978' (2020) దళితుణ్ణి సహాయకుడి వరుసలోంచి తీసి కథ నడుమ నిలబెట్టింది. సీమ దళితుడి కరువు కథ, అనుచరుడి పెండ్లాం కథ ఇంకా రావాల్సి ఉంది.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా విన్నపం ఒకటే. ప్రోప్‌నూ తొదొరోవ్‌నూ చదవండి, చదివించండి. సినిమా గానీ వార్త గానీ పాఠ్యపుస్తకంలో చరిత్ర గానీ ముందుకొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఈ కథ యాడ మొదలైంది? సహాయకుడిగా చచ్చిందెవరు? చివర్లో వచ్చిన శాంతి ఎవరిది? మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా రెండింటికీ దొరుకుతుంది. పల్లెల్లో జేజెమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళు కథ ఎత్తుకునే మొదటి మాటను రాసిపెట్టుకోండి. వాళ్ళు పోతే ఆ మొదలు కూడా పోతుంది.